మొరిగే షెల్టీకి జవాబు చెప్పండి, బొచ్చు మాత్రం గొరిగించకండి

మీ కష్టం నాకు అర్థమైనంతలో ఇదీ. 7 నెలల మగ షెల్టీ కుక్క. కాలింగ్ బెల్ మోగినా, బయట సైకిల్ వెళ్ళినా, పక్కింట్లో ఎవరైనా దగ్గినా మొరుగుతోంది. బ్రష్ తీస్తే చాలు మంచం కిందకి దూరుతోంది. ఇంట్లో పిలిస్తే పరుగెత్తుకొస్తుంది, బయటికెళ్తే పేరే మర్చిపోతుంది. ఇంట్లోవాళ్ళేమో ఆ బొచ్చంతా గొరిగించేస్తే పీడా పోతుంది అంటున్నారు.

మా ఇంట్లో 16 ఏళ్ళుగా షెల్టీలున్నాయి, ఇప్పుడున్నది మూడోది. మొదటిది తేనె, రెండోది మబ్బు, ఇప్పటిది గవ్వ. తేనెతో నేను చేయని తప్పు లేదు, కాబట్టి కింద రాసినదాంట్లో సగం దాని పుణ్యమే. మీవాళ్ళు ఈ పూటే మిషన్ పట్టుకుని బయల్దేరేలా ఉన్నారు కాబట్టి ఒక్కటి ముందే చెప్పేస్తాను: గొరిగించకండి. ఎందుకో బొచ్చు దగ్గరికి వచ్చాక చెప్తాను.

ముందు మొరగడం సంగతి. షెల్టీ పుట్టిల్లు స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, చిన్న చిన్న పొలాలు, అక్కడి గొర్రెలూ పొట్టివే, గుర్రాలూ పొట్టివే. చేలోకి గొర్రెలు రాకుండా అరిచి తరమడం, కొత్తవాళ్ళొస్తే ఇంటికి కబురు చెప్పడం దీని ఉద్యోగం. అరవని కుక్కతో అక్కడ పనేముంది? 1909లో బ్రిటన్‌లో కుక్క జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దీన్ని షెట్లాండ్ కోలీ అని రాసుకుంటే కోలీలు (చూడ్డానికి షెల్టీలాగే ఉండే పెద్ద గొర్రెల కుక్కలు) పెంచేవాళ్ళు ఒప్పుకోలేదు, 1914కి షెట్లాండ్ షీప్‌డాగ్ అయింది. (ఇప్పటికీ దారిలో ఎవరో ఒకరు "కోలీ పిల్లా అండీ?" అని అడుగుతూనే ఉంటారు, అలవాటు చేసుకోండి.) ఈ చరిత్ర ఎందుకంటే, మీవాడు మొరిగేటప్పుడు అల్లరి చేస్తున్నాననుకోడు, డ్యూటీ చేస్తున్నాననుకుంటాడు. కబురు మోసుకొచ్చినవాడికి "అందింది" అని ఎవరూ చెప్పకపోతే మళ్ళీ చెప్తాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. మీరు సోఫాలోంచి "ఏయ్, నోర్ముయ్" అని కేకేస్తే వాడికి అర్థమయ్యేదేంటంటే, మా అయ్య కూడా అందుకున్నాడు, అంటే నిజంగానే ఏదో వచ్చిపడింది అని.

అందుకని మా ఇంట్లో మొరుగుడుకి జవాబు చెప్తాం. గవ్వ కిటికీ దగ్గర రెండు సార్లు అరిస్తే నేను లేచి వెళ్ళి, దాని పక్కన నిలబడి, అది చూస్తున్న వైపే నేనూ చూసి, మామూలు గొంతుతో "చూశాలే, చాలు" అంటాను. అనగానే దాని ముక్కు ముందు ఒక ట్రీట్ పెట్టి, దాన్ని చూపిస్తూ కిటికీకి దూరంగా ఉన్న దాని చాప మీదకి తీసుకెళ్ళి అక్కడ ఇస్తాను. తింటూ మొరగడం కుదరదు కదా, అది మన అదృష్టం. మొదటి వారం రోజుకి 20, 30 సార్లు లేవాల్సొచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. మూడో వారంలో ఒకరోజు నేను వంటింట్లో ఉన్నాను, హాల్లోంచి రెండు అరుపులు వినబడ్డాయి, నేను "చూశాలే" అని అక్కణ్ణుంచే అన్నాను, గోళ్ళు టిక్ టిక్ మంటూ అదే నడిచి వెళ్ళి చాప మీద కూర్చుని నా వైపు చూస్తోంది. ఇక్కడ కిటుకు ఒక్కటే: రెండో అరుపుకో మూడో అరుపుకో మీరు అక్కడుండాలి. 5 నిమిషాలు పూనకం వచ్చినట్టు అరిచాక వెళ్తే వాడి చెవికి మీ మాట ఎక్కదు.

కాలింగ్ బెల్‌కి ఇదే పాఠం విడిగా నేర్పాలి. బెల్ శబ్దం ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. బాగా తగ్గించి, మీవాడి చెవి మాత్రం కదిలి నోరు లేవనంత చిన్నగా పెట్టండి, మోగిన వెంటనే చాప మీద ట్రీట్. పూటకి 10 సార్లు చాలు. రెండ్రోజులకి కాస్త పెంచండి. ఎప్పుడైనా మొరిగాడంటే మీరు తొందరపడ్డారన్నమాట, ఒక మెట్టు దిగండి. కిటికీ కింది సగానికి పొగమంచులా కనబడే స్టిక్కర్ ఒకటి అంటించారంటే సైకిళ్ళ గొడవ సగం ఆ పూటే తగ్గుతుంది. దీన్ని చాలామంది మోసం అనుకుంటారు, నేనైతే తెలివి అంటాను.

అన్ని అరుపులూ ఒకటి కావని కూడా గమనించండి. కిటికీ వైపు తిరిగి అరిస్తే అది కబురు. మీ కళ్ళలోకి చూస్తూ అరిస్తే అది డిమాండ్: బంతి వెయ్యి, అన్నం పెట్టు, లే. దానికి మాత్రం జవాబు చెప్పకూడదు, "చూశాలే" కూడా అనకూడదు, చూపు తిప్పేసుకుని, ఆగి ఊపిరి పీల్చుకున్న ఆ రెండు క్షణాల్లో పలకరించండి. మొదట్లో ఇది తగ్గకపోగా పెరుగుతుంది, ఎప్పుడూ తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే మనమూ ఇంకాస్త గట్టిగా కొడతాం కదా, అలాగ. ఆ రోజుల్లో ఒక్కసారి లొంగిపోయారంటే "ఓహో, ఇంత గట్టిగా అరిస్తేనే పని జరుగుతుంది" అని నేర్చేసుకుంటాడు. షాక్ కొట్టే కాలర్లు, చప్పుడు చేసి భయపెట్టే కాలర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. మనం గొంతు పెంచితేనే ముడుచుకుపోయే రకం షెల్టీ. నొప్పి కలిగిన క్షణంలో దాని కంటికి ఎదురుగా ఎవరున్నారో, పక్కింటి పిల్లాడో ఇంకొకరో, ఆ నొప్పిని వాళ్ళకి అంటగట్టేస్తుంది. అప్పుడు మొరగడం పోయి కరవడం మొదలవ్వొచ్చు.

సైకిళ్ళ వెంట పడడం, పరిగెత్తే పిల్లల మడమల దగ్గర చిన్నగా పట్టడం కూడా కోపం కాదు, మంద తోలడం. కదిలేది ఏదైనా దీనికి గొర్రే. పిల్లలకి ఒకటే నేర్పండి: కుక్క వెంటపడితే చెట్టులా నిలబడిపోవాలి, చేతులు కట్టుకుని, అరవకుండా. కదలని గొర్రెతో దీనికి ఆట ఉండదు. సైకిల్ విషయంలో దూరమే మందు. ఎంత దూరంలో ఉంటే మీవాడు సైకిల్‌ని చూసి కూడా మీ చేతిలో ట్రీట్ తీసుకోగలడో ఆ దూరం పట్టుకోండి, చూసిన ప్రతిసారీ ట్రీట్ ఇవ్వండి, రోజుల తరబడి అక్కడే ఉండి తర్వాత నాలుగడుగులు ముందుకు రండి. రోడ్డు దగ్గర లీష్ విప్పడం మాత్రం ఎంత నేర్చినా వద్దు, మా గవ్వకి అంత వచ్చు, దానికీ విప్పను.

ఇక పిలిస్తే రాకపోవడం. 7 నెలల వయసంటే మన ఇళ్ళల్లో పదమూడేళ్ళ పిల్లాడు అనుకోండి, వినబడుతుంది, వినాలని లేదు. దానికి తోడు మనం చేసే పని, పార్కులో ఆట మధ్యలో పిలిచి, రాగానే లీష్ తగిలించి ఇంటికి తీసుకుపోవడం. రెండు సార్లు అలా అయ్యాక ఏ బుద్ధిమంతుడైనా ఎందుకు వస్తాడు? పాత పిలుపు పాడైపోయింది, వదిలేయండి. కొత్త మాట ఒకటి పెట్టుకోండి, మాది "దా దా దా". మొదట ఇంట్లోనే, పిలవగానే మామూలుగా దొరకనంత మంచి ముక్క. తర్వాత బయట 10 మీటర్ల పొడవు తాడు హార్నెస్‌కి (మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కట్టి, ఇద్దరు మనుషులు చెరో వైపు నిలబడి మార్చి మార్చి పిలవండి. 10 సార్లు పిలిస్తే 9 సార్లు ముక్క ఇచ్చి మళ్ళీ ఆడుకోడానికి వదిలేయండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత ఒళ్ళు మండినా, వచ్చినవాణ్ణి తిట్టకండి.

ఇక్కడ కాలర్ గురించి చెప్పకపోతే తేనె నన్ను క్షమించదు. షెల్టీ మెడ చుట్టూ జూలు చూసి అదే మెడ అనుకుంటాం, నిజానికి మెడా తలా దాదాపు ఒకే లావు. దానికి రెండేళ్ళప్పుడు ఎక్కడో పెద్ద చప్పుడైంది, బెదిరి వెనక్కి ఒక్క లాగుడు లాగింది, నా చేతిలో లీష్, లీష్ చివర ఖాళీ కాలర్. నేను "తేనే, తేనే" అని అరుస్తూ వెంటపడ్డాను. నేను పరిగెత్తేకొద్దీ అది ఇంకా దూరం. బెదిరిన షెల్టీకి వెంటపడేది ఎవరైనా ఒకటే, అన్నం పెట్టేవాడైనా సరే. చివరికి పరిగెత్తలేక నేనే నేల మీద కూలబడి, దానికి వీపు పెట్టి, జేబులో ట్రీట్ కవరు ఉంటే దాన్ని గలగలలాడిస్తూ ఊరికే కూర్చున్నాను. తెలివితో కాదు, ఆయాసంతో. కాసేపటికి మోచేతికి తడి ముక్కు తగిలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బయటికెళ్ళాలంటే ఒంటికి సరిపోయిన హార్నెస్, లేదంటే లాగినప్పుడు కొద్దిగా బిగిసే మార్టింగేల్ కాలర్. మీవాడు ఎప్పుడైనా జారిపోతే వెంటపడకండి, కూర్చోండి, వీలైతే వ్యతిరేక దిక్కుకి నడవండి.

ఇప్పుడు బొచ్చు. షెల్టీకి రెండు పొరలు: పైన పొడుగ్గా గరుగ్గా ఉండే వెంట్రుక, లోపల దూదిలాంటి అండర్‌కోట్. పై పొర ఎండని నేరుగా చర్మం మీద పడనివ్వదు, వాననీ ఆపుతుంది. గొరిగించేస్తే కుక్కకి చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. పైగా తిరిగి వచ్చేటప్పుడు దూది ముందొస్తుంది, పై వెంట్రుక తీరిగ్గా వస్తుంది, కొన్నిటికి ఎప్పటికీ సరిగ్గా రాదు. మబ్బుకి కడుపు స్కానింగ్ కోసం ఒకవైపు పక్కటెముకల దాకా తీశారు, అక్కడ మళ్ళీ మామూలుగా కనబడడానికి దాదాపు ఏడాది పట్టింది. పాదాల కింద, వేళ్ళ మధ్య, తోక కింద శుభ్రత కోసం కత్తిరించుకోవచ్చు, అంతవరకే.

మీకు ఇప్పుడే ఇల్లంతా బొచ్చెందుకు అయిందంటే, ఈ వయసులో కూనబొచ్చు రాలి పెద్ద బొచ్చు వస్తుంది. చిక్కులు పడేది కూడా ఇప్పుడే. మరి బ్రష్ అంటే పారిపోడా? ఎప్పుడో చిక్కు ఉన్నచోట గట్టిగా లాగి ఉంటారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి. బ్రష్ నేల మీద పెట్టండి, వాసన చూస్తే ముక్క. బ్రష్ వెనక వైపుతో వీపు మీద ఒక్క రాపు, ముక్క, అయిపోయింది, లేచి వెళ్ళిపోండి. 3, 4 రోజులు ఇంతకు మించి వద్దు. మీరు ఇంకా చేస్తారని వాడు ఎదురుచూస్తున్నప్పుడే ఆపేయాలి.

దువ్వడం ఎలాగంటే, పైపైన దువ్వితే పైన పట్టులా మెరుస్తుంది, లోపల చర్మానికి ఆనుకుని కంబళిలా అతుక్కుపోయి ఉంటుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. పక్కకి పడుకోబెట్టండి. నీళ్ళు తుంపర్లుగా స్ప్రే చేయండి, ఎండు బొచ్చు దువ్వితే తెగుతుంది. ఎడమ చేత్తో బొచ్చుని పైకి ఎత్తి పట్టుకోండి, కింద పాపిడిలా చర్మం గీత కనబడాలి. పిన్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్ళున్న బ్రష్) ఆ గీత దగ్గర నుంచి కొద్ది కొద్దిగా కిందకి దించుతూ దువ్వండి, తర్వాత ఇంకో అంగుళం పైన ఇంకో గీత. చెవి వెనక బొచ్చు పట్టులా సన్నగా ఉంటుంది, చిక్కు మొదలయ్యేది అక్కడే. చిక్కు తగిలితే చర్మానికీ చిక్కుకీ మధ్య రెండు వేళ్ళు పెట్టి పట్టుకుని, చివర నుంచి దువ్వెన పంటితో విడదీయండి, లాగుడంతా మీ వేళ్ళకి తగలాలి గానీ వాడి చర్మానికి కాదు. చంకలూ, వెనక తొడల మీద లాగూలా ఉండే బొచ్చూ కూడా ఇలాగే. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి పావుగంట. బాగా రాలే కాలంలో రోజూ. స్నానం ఆరేడు వారాలకోసారి చాలు, చిక్కులన్నీ తీశాకే పోయాలి, తడిస్తే చిక్కు బిగుసుకుంటుంది. తర్వాత లోపలి దాకా ఆరబెట్టాలి, తేమ నిలిస్తే చర్మం ఎర్రబడి పుండవుతుంది. ఈ దువ్వుడులో ఇంకో లాభం, ఒళ్ళంతా చెయ్యి తిరుగుతుంది కాబట్టి గోమారి, పుండు, గడ్డ ఏదున్నా ముందు మీకే దొరుకుతుంది.

బరువు కూడా చేత్తోనే తెలుస్తుంది. ఈ బొచ్చులో లావైనా సన్నమైనా కంటికి ఒకటే. మామూలుగా షెల్టీ 7 నుంచి 11 కిలోల మధ్య ఉంటుంది, కానీ అంకె కన్నా పక్కటెముకలు నమ్మండి. అరచేతితో నిమిరితే ఎముకలు పలచటి దుప్పటి కింద ఉన్నట్టు తగలాలి. వెతుక్కోవాల్సొస్తే తిండి తగ్గించాలి. ట్రైనింగ్ ముక్కలన్నీ ఆ రోజు తిండిలోంచే తీయండి, చిటికెన వేలి గోరంత ముక్క చాలు.

మందుల గురించి ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. కోలీలకీ షెల్టీలకీ ఎండీఆర్1 అనే జన్యువులో ఒక లోపం ఉండొచ్చు. కొన్ని మందులు మెదడులోకి వెళ్ళకుండా బయటికి నెట్టే పంపులాంటిది ఒకటి ఉంటుంది, ఈ లోపం ఉంటే అది పనిచేయదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పట్టుకున్నారు, షెల్టీల్లో సుమారు 15 శాతానికి ఉంటుందని వాళ్ళే చెప్తారు. గజ్జికి పెద్ద డోసులో ఇచ్చే ఐవర్‌మెక్టిన్, మనుషుల విరేచనాల మాత్ర లోపెరమైడ్, కొన్ని మత్తు మందులు, కొన్ని కేన్సర్ మందులు ఇలాంటి కుక్కకి ప్రాణం మీదకి తెస్తాయి. గుండెపురుగు రాకుండా నెల నెలా ఇచ్చే డోసు చాలా తక్కువ, దానికి భయపడి మానేయకండి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపే పరీక్ష ఉంది, ఒక్కసారి చేయిస్తే జీవితానికంతా సరిపోతుంది, ఫలితం వెట్ (పశువుల డాక్టర్) ఫైల్‌లో మొదటి పేజీ మీద రాయించండి. విరేచనాలైతే మీ డబ్బాలో మాత్ర తీసి వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మబ్బు విషయంలో నేను ఆలస్యం చేసింది పిత్తాశయం. షెల్టీలకి నడివయసు దాటాక అందులో పైత్యరసం జిగురులా గట్టిపడే జబ్బు మిగతా జాతుల కన్నా ఎక్కువ. దానికి 9 ఏళ్ళప్పుడు అన్నం వాసన చూసి వెనక్కి తగ్గడం, అప్పుడప్పుడు కక్కడం, నేనేమో అలిగిందనుకుని వారం చూశాను. స్కానింగ్‌లో బయటపడింది, ఆపరేషన్ చేశారు, దక్కింది. మీవాడికి ఇప్పుడే టెన్షన్ అక్కర్లేదు గానీ నూనె, కొవ్వు ఉన్న తిండి అలవాటు చేయకండి, ఏడెనిమిదేళ్ళు వచ్చాక ఏడాదికోసారి రక్తపరీక్షతో పాటు కడుపు స్కానింగ్ గురించి కూడా వెట్‌ని అడగండి. ఊరికే లావెక్కి, మందకొడిగా మారి, బొచ్చు పలచబడితే వయసు మీదపడింది అనుకోకుండా థైరాయిడ్ చూపించండి.

రోజు ఎలా గడపాలంటే, నడక రెండు పూటలా అరగంట, ఎండలో కాదు, అరచేతి వెనక భాగం నేల మీద 7 సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదాలకీ కాలుతుంది. మెదడుకి 5 నిమిషాల పాఠాలు మూడు నాలుగు. షెల్టీ అయిదారు సార్లలో కొత్త పని పట్టేస్తుంది, అదే పని ఇరవయ్యోసారి చేయిస్తే విసుగొచ్చి మొరుగుతుంది. ఒక పూట తిండి గిన్నెలో పెట్టకుండా పాత తువ్వాల్లో చుట్టి వెతుక్కోనివ్వండి. ఏడాది, ఏడాదిన్నర నిండేదాకా ఎత్తు నుంచి దూకించకండి, ఎముకలు ఇంకా ముదరలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా పడుకోవడం నేర్పండి. అలసిపోతే మొరగడం ఆగుతుందని రోజూ రెండేసి గంటలు పరిగెత్తించేవాళ్ళని చూశాను, చివరికి వాళ్ళకి మిగిలింది రెండు గంటలు పరిగెత్తినా అలసిపోని కుక్క. చాప మీద ఊరికే పడుకున్నప్పుడు, ఏమీ చేయనప్పుడు, చప్పుడు చేయకుండా వెళ్ళి ముందు కాళ్ళ మధ్య ఒక ముక్క పెట్టి వచ్చేయండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం "చూశాలే" ఒక్కటి, బ్రష్ వెనక వైపుతో ఒక్క రాపు, అంతే. కాలర్ మాత్రం ఈ సాయంత్రం నడకకి ముందే చూడండి, చెవుల మీదుగా ముందుకి లాగితే ఊడి వచ్చేస్తుందో లేదో.